పాచిదా తప్పు, రాపిడిదా?

తోతాపురి కోతలు మొదలైతే బంగారుపాళ్యం మార్కెట్ యార్డు దగ్గర ట్రాక్టర్లు బారులు తీరతాయి. తూకం వంతు వచ్చేదాకా రైతులకు మాటలే కాలక్షేపం. ధర సంగతి, గుజ్జు ఫ్యాక్టరీల సంగతి అయిపోయాక మాట ఒంటి బాధల మీదికి మళ్ళుతుంది. యాభై దాటినవాళ్ళు నలుగురు చేరితే పండ్ల ప్రస్తావన రాక మానదు. "బ్రష్షు తగిలితే చాలు మామా, రక్తమొస్తాది. అందుకే పొడేసుకొని వేలితోనే తోముకుంటా ఉండా" అని ఒకరంటారు. "ఆ బ్రష్షుల్తోనే చెడినాయి మన పండ్లు. మా నాయన వేపపుల్లతోనే తోమి, ఎనబై ఏండ్లదాకా చెరుకు నమిలినాడు" అని ఇంకొకరు అందుకుంటారు. చిత్తూరుకో వేలూరుకో పోయి చూపించుకొచ్చిన చదువుకున్న కొడుకు ఉంటే, "అది కాదు నాయనా, గార పట్టింది, దాంట్లో క్రిములుంటాయంట" అని అడ్డు తగులుతాడు.

ఇది యార్డు దగ్గరి కబురే అయినా, ఇందులోని రెండు పక్షాలూ దంతవైద్య శాస్త్రంలో నూరేళ్ళకు పైగా వాదులాడుకున్న పక్షాలే. చిగురు వాపుకు మూలం సూక్ష్మజీవులని ఒక పక్షం. కాదు, పళ్ళ మీదా చిగుళ్ళ మీదా పడే ఒత్తిడీ రాపిడీ అని రెండో పక్షం. కొరకడం, నమలడం, నిద్రలో పళ్ళు నూరడం, బలంగా తోమడం అన్నీ ఈ రెండో పద్దులోకే వస్తాయి. మొదటి పక్షం చెప్పేది నిజమైతే బాగా రుద్ది శుభ్రం చేసుకోవాలి. రెండోది నిజమైతే రుద్దడం తగ్గించుకోవాలి. ఈ రెండు సలహాలూ ఒకే చేతికి కుదరవు గనక, ఎవరి మాటలో ఎంత నిజముందో తూచుకోక తప్పదు.

ముందు పాచి మీద ఉన్న సాక్ష్యం చూద్దాం. పొద్దున లేవగానే నాలుకతో తడిమితే పళ్ళ మీద జిగటగా తగిలే పొరే పాచి. అది రాత్రి తిన్న సంగటి మిగులు అనుకుంటాం గానీ, నిజానికి అది బతికున్న సూక్ష్మజీవుల పొర. మనుషుల నోళ్ళలో సుమారు 700 రకాల సూక్ష్మజీవులను శాస్త్రవేత్తలు గుర్తించారు. పన్నూ చిగురూ కలిసే అంచున సన్నని సందు ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న నోట్లో దాని లోతు ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్లు. పాచి ఆ అంచున కుదురుకుంటే, లాలాజలంలోని సున్నపు లవణాలు దానిలోకి చేరి కొద్ది రోజుల్లోనే గట్టిపడటం మొదలవుతుంది. అదే గార. గార గరుకుగా ఉంటుంది కాబట్టి దాని మీద కొత్త పాచి ఇంకా సులువుగా నిలుస్తుంది. చిగురు ఎర్రబడి, ఉబ్బి, తాకితే రక్తం వస్తుంది. అక్కడితో ఆగితే అది చిగురు వాపు, పూర్తిగా నయమయ్యేదే. లోపలికి పాకి పన్నును పట్టి ఉంచే నారనూ ఎముకనూ కరిగించడం మొదలుపెడితే అది వేరే జబ్బు. పోయిన ఎముక చాలావరకు తిరిగి రాదు. ఆ జబ్బు ముదిరిన రూపంలో ప్రపంచంలో నూరు కోట్లకు పైగా మందికి ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక అంచనా వేసింది.

పాచిలో జీవులున్నాయన్నది పాత సంగతే. హాలండులోని డెల్ఫ్ట్ ఊరి బట్టల వ్యాపారి ఆంటొని వాన్ లీవెన్‌హుక్ 1683లో తన పళ్ళ సందుల్లోని తెల్లటి పదార్థాన్ని సొంతంగా చేసుకున్న సూక్ష్మదర్శినిలో పెట్టి చూశాడు. అందులో కదిలే జీవుల గురించి లండన్ రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు. ఆయన కూడా మన పెద్దల మాదిరే రోజూ ఉప్పుతో పళ్ళు రుద్దుకొనేవాడు. అయితే అక్కడ జీవులున్నాయని చూడటం వేరు, తప్పు వాటిదేనని రుజువు చేయడం వేరు. ఆ రుజువుకు 1965 దాకా ఆగాల్సి వచ్చింది. డెన్మార్క్‌లోని ఆర్హూస్‌లో హెరాల్డ్ లోయె, ఆయన సహచరులు కలిసి చిగుళ్ళు బాగున్న 12 మందిని పళ్ళు తోమడం పూర్తిగా మానమన్నారు. పది రోజుల నుంచి ఇరవై ఒక్క రోజుల లోపల అందరికీ చిగుళ్ళు వాచాయి. తిరిగి తోమడం మొదలుపెట్టాక వారం రోజుల్లో తగ్గిపోయాయి.

ఈ ప్రయోగాన్ని వేలితో తోముకొనే మనిషి మాటతో పోల్చి చూడండి. ఆ మూడు వారాలూ వాళ్ళు తినడం మానలేదు, నమలడం మానలేదు. మానింది బ్రష్షు రాపిడి ఒక్కటే. రాపిడే వాపుకు మూలమైతే వాళ్ళ చిగుళ్ళు ఇంకా తేరుకోవాలి. జరిగింది దానికి తలకిందులు. 1973లో లోయె బృందమే ఇంకో మెట్టు ఎక్కింది. 48 గంటలకు ఒకసారి పాచిని పూర్తిగా తీసేసుకున్నవాళ్ళకు చిగుళ్ళు వాచలేదు. 72 గంటలు, 96 గంటలు ఆగినవాళ్ళకు వాచాయి. అంటే ఎన్నిసార్లు తోమామన్నదాని కంటే ఎంత పూర్తిగా తోమామన్నదే ముఖ్యం. రోజుకు రెండుసార్లు పైపైన తోమి అంచును వదిలేసేవాడి కంటే, ఒక్కసారి తోమినా అంచుదాకా తోమేవాడు మెరుగు.

ఇంతవరకు చూస్తే తీర్పు అయిపోయినట్టే ఉంటుంది. కానీ ఇదే లోయె చేసిన మరో పని ఈ వాదంలోని సందును బయటపెట్టింది. 1970 నుంచి పదిహేనేళ్ళ పాటు శ్రీలంక తేయాకు తోటల్లో పనిచేసే 480 మంది మగ కూలీల నోళ్ళను ఆయన బృందం మళ్ళీ మళ్ళీ పరీక్షించింది. బ్రష్షుతో తోముకొనే అలవాటే లేని మనుషులు వాళ్ళు. అందరికీ పాచి ఉంది, గార ఉంది, చిగుళ్ళ వాపు ఉంది. 1986లో అచ్చయిన ఫలితం ప్రకారం వాళ్ళలో నూటికి 8 మందికి జబ్బు జోరుగా ముదిరింది. 81 మందికి మధ్యరకంగా సాగింది. మిగిలిన 11 మందికి వాపు దగ్గరే ఆగిపోయింది, ఎముక కరగలేదు. వేపపుల్లతో ఎనభై ఏళ్ళు నెట్టుకొచ్చిన నాయన కథ అబద్ధం కానక్కరలేదు. ఆయన ఆ పదకొండు మందిలో ఒకరై ఉండొచ్చు. నలభైకే పళ్ళన్నీ రాలిపోయిన నాయనలూ ఆ కాలంలో ఉన్నారు. వాళ్ళ సంగతి యార్డు దగ్గర ఎవరూ ఎత్తరు, అంతే తేడా.

పాచి అందరికీ ఉండి కూడా ఫలితం తలా ఒక తీరుగా ఉందంటే, పాచి లేనిదే జబ్బు రాదు, అయితే పాచి ఒక్కటే జబ్బు ఎంతదాకా పోతుందో తేల్చదు. సూక్ష్మజీవుల పక్షం కూడా దీన్ని ఒప్పుకొని తన మాట సవరించుకుంది. ముదిరిన చిగుళ్ళ జబ్బులో కలిసికట్టుగా కనిపించే మూడు జీవులను 1998లో బోస్టన్ పరిశోధకుడు సోక్రాన్‌స్కీ బృందం ఎర్ర గుంపు అని పేరుపెట్టి వేరుచేసింది. వాటిలో పార్ఫైరోమోనాస్ జింజివాలిస్ అనేది 2011లో ఇంకో విచిత్రం చూపించింది. ఎలుకల నోట్లో అది అతి తక్కువ సంఖ్యలో ఉండి కూడా మిగతా జీవుల సమతూకాన్ని చెడగొట్టి ఎముక కరిగేలా చేసింది. సూక్ష్మజీవులే లేకుండా పెంచిన ఎలుకల్లో ఒంటరిగా వదిలితే మాత్రం ఏమీ చేయలేకపోయింది. కాబట్టి ఎంత పాచి ఉందన్న ప్రశ్న కంటే, అందులో ఎవరెవరు ఉన్నారు, వాళ్ళకు మన ఒళ్ళు ఎలా బదులు చెబుతోందన్న ప్రశ్న పెద్దదైంది. ఎముకను నేరుగా తినేది సూక్ష్మజీవి కాదు. దాన్ని తరమబోయి హద్దు మీరిన మన రక్షణ వ్యవస్థే ఎక్కువ నష్టం చేస్తుంది. ఆ రక్షణ వ్యవస్థను రెచ్చగొట్టేది సూక్ష్మజీవులు మాత్రమేనా అన్న దగ్గర రెండో పక్షానికి చోటు దొరుకుతుంది.

ఆ పక్షం మాట కూడా తేలిగ్గా తీసిపారేసేది కాదు. దవడ పళ్ళతో గట్టిగా కొరికితే 50 కిలోల బరువు మోపినంత ఒత్తిడి పడుతుంది, బలమైన దవడలకు అంతకు మించి. పన్ను ఎముకకు నేరుగా అతుక్కొని ఉండదు. మధ్యలో మిల్లీమీటరులో ఐదో వంతు మందం ఉన్న నారపొర ఉంటుంది. ఒత్తిడి అంతా దానిమీదే. చిత్తూరు సీమలో ఈ ఒత్తిడి పూటకో తీరు. రాగి సంగటిని ఊరిబిండిలో అద్దుకొని మింగుతామే గానీ పెద్దగా నమలం. అదే చెరుకు గడైతే తోలు పళ్ళతోనే చీల్చి, పిప్పి అయ్యేదాకా నములుతాం. చెనిక్కాయలు, పచ్చి మామిడి బద్దలు, మాంసం ఎముక, చివరికి సోడా మూత కూడా పళ్ళకే వదిలేసే మొనగాళ్ళున్నారు.

ఈ ఒత్తిడికీ చిగుళ్ళ జబ్బుకూ ముడిపెట్టిన తొలి దంతవైద్యుల్లో కారోలీ ఒకరు. నిద్రలో పళ్ళు నూరేవాళ్ళకు చిగుళ్ళు చెడుతున్నాయని 1901లోనే రాశాడు. 1960లలో అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో ఇర్వింగ్ గ్లిక్‌మన్ ఈ ఆలోచనకు శాస్త్రీయమైన రూపం ఇచ్చాడు. పైనుంచి పాచి వల్ల వచ్చే వాపు దిగుతుంటే, కింద మితిమీరిన ఒత్తిడి నారపొరను దెబ్బతీసి ఆ వాపు దారిని మళ్ళిస్తుందనీ, రెండూ కలిసిన చోట ఎముక లోతుగా కరుగుతుందనీ ఆయన వాదన. నార్వేకు చెందిన యెన్స్ వేర్‌హౌగ్ 1979లో దానికి అడ్డం తిరిగాడు. చనిపోయినవాళ్ళ దవడలను పరిశీలిస్తే, ఎముక లోతుగా కరిగిన చోట పాచి కూడా అంత లోతుకూ దిగే ఉందని, ఒత్తిడిని లాక్కురావాల్సిన పని లేదని చూపించాడు.

మధ్యలో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ బృందం వేటకుక్కల మీద, అమెరికాలోని రోచెస్టర్ బృందం కోతుల మీద ఈ తగువును పరీక్షకు పెట్టాయి. పన్నును అటూ ఇటూ ఊపే ఒత్తిడిని రోజుల తరబడి కల్పించారు. చిగురు శుభ్రంగా ఉన్నప్పుడు నారపొర వెడల్పయింది, పన్ను కదిలింది, కానీ చిగురు పన్నును పట్టుకున్న పట్టు సడలలేదు. ఒత్తిడి తీసేస్తే చాలావరకు సర్దుకుంది. పాచితో చెడిన చిగురుకు ఆ ఒత్తిడి తోడైతే కుక్కల్లో నష్టం పెరిగింది. కోతుల్లో ఎముక పలచబడినా పట్టు మాత్రం అంతగా పోలేదు. పశువును కట్టే గుంజతో పోలిస్తే ఇది తేలిగ్గా బోధపడుతుంది. ఎద్దు గుంజుతూ ఉంటే గుంత వెడల్పవుతుంది, గుంజ ఊగుతుంది, మట్టి తొక్కి గట్టిచేస్తే మళ్ళీ నిలుస్తుంది. చెద పట్టిన గుంజకు ఆ ఊపు తోడైతే కథ వేరు.

మనుషుల దగ్గరికి వస్తే సాక్ష్యం పలచబడుతుంది. కొరుకుడు సరిగా కుదరని పళ్ళ దగ్గర సందులు లోతుగా ఉన్నాయని, ఆ తేడా సరిచేస్తే జబ్బు నెమ్మదించిందని 2001లో అమెరికాలో నన్, హారెల్ అనే ఇద్దరు తమ రోగుల రికార్డుల ఆధారంగా రాశారు. అది పాత రికార్డుల నుంచి తీసిన ఫలితమే గానీ, ముందుగా మనుషులను రెండు జట్లుగా విడదీసి చేసిన పరీక్ష కాదు. 2017 చివర్లో అమెరికా, యూరప్ చిగుళ్ళ వైద్య సంఘాలు కలిసి జరిపిన సదస్సు ఉన్న సాక్ష్యాలన్నీ ముందు వేసుకుంది. మితిమీరిన కొరుకుడు ఒత్తిడి మనుషుల్లో చిగుళ్ళ జబ్బును పుట్టిస్తుందనడానికి ఆధారం లేదని, ఉన్న జబ్బును వేగం చేస్తుందనడానికీ గట్టి రుజువు లేదని తేల్చింది. ఒత్తిడి వల్ల పన్ను కదలడం, నొప్పి పుట్టడం మాత్రం నిజమేనని, వాటికి వైద్యం అవసరమేనని ఒప్పుకుంది.

ఇక్కడితో రెండో పక్షం ఓడిపోయిందని అనుకోబోయే సమయానికి, ఇంకో దిక్కు నుంచి దానికి బలం వచ్చింది. ఈసారి దంతవైద్యుల నుంచి కాదు, రక్షణ కణాల మీద పనిచేసే వాళ్ళ నుంచి. అమెరికా జాతీయ దంత పరిశోధన సంస్థలో నికీ మౌట్సోపౌలోస్, ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో జోయన్ కాంకెల్ కలిసి 2017లో ఒక ఫలితం ప్రకటించారు. టీహెచ్17 అనే రక్షణ కణాలు పేగుల్లో, చర్మంలో పెరగాలంటే అక్కడ కాపురముండే సూక్ష్మజీవుల ప్రేరణ కావాలి. చిగుళ్ళలో కూడా అంతేనని అందరూ అనుకున్నారు. కానీ సూక్ష్మజీవులే లేకుండా పెంచిన ఎలుకల చిగుళ్ళలో కూడా ఆ కణాలు మామూలుగానే ఉన్నాయి. అయితే వాటిని అక్కడికి పిలిచింది ఎవరు? నమలడం. నమిలినప్పుడల్లా చిగురు పైపొరకు కంటికి కనబడనంత గాయం అవుతుంది. ఆ పొర కణాలు ఇంటర్‌ల్యూకిన్ 6 అనే సంకేతాన్ని విడుదల చేస్తాయి. దాంతో టీహెచ్17 కణాలు పెరుగుతాయి. ఎలుకపిల్లలకు పాలు మానినప్పటి నుంచి మెత్తటి తిండే పెడితే ఆ కణాలు తగ్గాయి. చిగుళ్ళను కావాలని పదే పదే రుద్దితే ఆ కణాలు పెరిగాయి, ఎముకా కరిగింది.

రాపిడి పక్షానికి ఇంతకంటే మంచి సాక్షి దొరకడు. సూక్ష్మజీవి లేకపోయినా నమలడం ఒక్కటే చిగురులో కాపలాను మేల్కొల్పి ఉంచుతుందని తేలింది. కానీ అదే మౌట్సోపౌలోస్ బృందం మరుసటి ఏడాది, 2018లో, నాణేనికి రెండో వైపు చూపించింది. చిగుళ్ళ జబ్బు ముదిరినప్పుడు పెరిగే టీహెచ్17 కణాలకు ప్రేరణ నమలడం కాదు, సమతూకం చెడిన సూక్ష్మజీవులే. ఎలుకల్లో యాంటీబయాటిక్ మందులతో ఆ జీవులను అణిస్తే కణాల పెరుగుదల ఆగింది. పుట్టుకతోనే టీహెచ్17 కణాలు కొరవడిన అరుదైన మనుషులను పరీక్షిస్తే, వాళ్ళకు చిగుళ్ళ వాపూ ఎముక కరగడమూ తక్కువగా ఉన్నాయి.

ఒకే బృందం ఏడాది తేడాలో చెప్పిన ఈ రెండు ఫలితాలను కలిపి చదివితే తగువు రూపమే మారిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న చిగురులో కాపలాను నడిపేది ఎక్కువగా నమలడం. జబ్బుపడిన చిగురులో అదే కాపలాను దారి తప్పించేది ఎక్కువగా పాచి. కణాలు అవే, వాటిని ఆడించేది కాలాన్ని బట్టి మారుతోంది. రాపిడి పక్షం చెప్పింది ఆరోగ్యపు కథ, పాచి పక్షం చెప్పింది జబ్బు కథ. ఇందులో సగానికి సగం ఎలుకల నోట్లో తేలిన నిజమని మరవకూడదు. ఎలుక జీవితమంతా కొరుకుతూనే ఉంటుంది, మనం సంగటి మింగుతాం. మెత్తటి తిండి తింటే చిగుళ్ళు బాగుంటాయని దీన్నుంచి తీర్మానించడం కూడా పొరపాటే. మెత్తగా, తియ్యగా, జిగటగా ఉండే తిండి పాచికి మేత. నమలడం వల్ల ఊరే లాలాజలం పళ్ళకు మేలు.

ప్రయోగశాలను వదిలి మన పెరట్లోకి వద్దాం. రాపిడి అసలు కనిపించేది ఇక్కడ. చిటికెన వేలి మందం, జానెడు పొడవు ఉన్న లేత వేపకొమ్మ విరిచి, ఆకు దూసి, ఒక కొసను దవడ పళ్ళ మధ్య పెట్టి నములుతారు. బెరడు చితికి చేదు దిగుతుంది, లోపలి నార విడిపోయి కుచ్చు అవుతుంది. ఆ కుచ్చుతో తోమి, పనయ్యాక పుల్లను నిలువునా చీల్చి నాలుక గీసుకుంటారు. ముందు పళ్ళ బయటి వైపు ఇది చక్కగా పనిచేస్తుంది. అయితే కుచ్చు పుల్లకు కొసనే ఉంటుంది గనక దవడ పళ్ళ లోపలి వైపుకూ, పంటికీ పంటికీ నడుమ సందుకూ చేరడం కష్టం. పాచి ఎక్కువగా దాక్కొనేది అక్కడే. ఎండుపుల్ల తీసుకుని, సరిగా నమలకుండానే తోమితే చిగురు గీరుకుపోతుంది.

అందువల్ల వేపపుల్లదే తప్పు అని కాదు. సుశ్రుతుడు చేదు పుల్లల్లో వేపనే మేలుగా ఎంచాడు. చరకసంహిత దంతధావనం గురించి చెబుతూ కానుగ లాంటి చెట్ల పుల్లలను పేర్కొంది. కొసను నలగ్గొట్టాలని, రోజుకు రెండు పూటలా తోమాలని, పనిలో పనిగా చిగుళ్ళ కండను నొప్పించకూడదని కూడా చెప్పింది. తోమడమూ నొప్పించకపోవడమూ రెండూ ఒక్క చోటే చెప్పిన ఆ జాగ్రత్త, తర్వాత వచ్చిన బొగ్గుపొడి, ఇటుకపొడి, గరుకు పళ్ళపొడుల కాలంలో సగం మరుగున పడింది. బ్రష్షు వచ్చాక కూడా అంతే. పళ్ళు తెల్లబడాలని గట్టి కుచ్చు బ్రష్షు పట్టి, అంట్లు తోమినంత బలంగా అడ్డంగా రుద్దేవాళ్ళు తక్కువేం కాదు.

అలాంటి నోట్లో ఒక విచిత్రం కనిపిస్తుంది. గార ఉండదు, వాపు ఉండదు, కానీ కోరపళ్ళ దగ్గరా వాటి పక్క పళ్ళ దగ్గరా చిగురు పైకి జరిగిపోయి వేరు బయటపడి ఉంటుంది. చల్లనీళ్ళు తగిలితే జివ్వుమంటుంది. బ్రష్షు ఒక్కటే చిగురును ఇలా జరుపుతుందా అన్న ప్రశ్న మీద ఉన్న అధ్యయనాలన్నిటినీ 2007లో ఒక సమీక్ష జల్లెడ పట్టింది. అవుననీ కాదనీ తేల్చలేకపోయింది. పుట్టుకతోనే చిగురు పలచగా ఉండటం, పన్ను వరస తప్పి ముందుకు ఉండటం కూడా ఇందులో కలుస్తాయి. అయినా ఇది పాచి ఎక్కువై వచ్చే బాధ కాదన్నది స్పష్టం. ఇలాంటి మనిషిని పట్టుకొని "ఇంకా బాగా తోము" అనడం పాచి పక్షం చేసే పొరపాటు.

రెండు పక్షాలూ కలిసిపోయే చోటు కూడా ఒకటుంది, పళ్ళ సందు. దవడ పన్ను పుచ్చిపోయో, పక్క పన్ను పీకించుకున్నందువల్లో సందు వెడల్పైతే, నమిలిన ప్రతిసారీ మాంసపు పీచో, నాటు మామిడి టెంక చీకినప్పటి పీచో అందులోకి దిగబడుతుంది. దాన్ని లోపలికి నెట్టేది నమిలే బలం. అక్కడ నిలవై చిగురును వాచేలా చేసేది పాచి. మనిషి చొక్కా గుండీకి పెట్టుకున్న పిన్నీసు తీసి గుచ్చుతాడు, లేదంటే అగ్గిపుల్ల, చీపురుపుల్ల. పీచు వస్తుంది, దాంతో పాటు చిగురు చీరుకుంటుంది. ఇక్కడ ఎవరిది తప్పు అని వెతికి లాభం లేదు. పుచ్చు పూడ్పించి సందు సరిచేసుకోవడమే మందు.

గార తీయిస్తే పళ్ళు కదులుతాయని పల్లెల్లో గట్టి నమ్మకం. కళ్ళారా చూసినవాళ్ళు చెప్పే మాటే గనక దాన్ని నవ్వి కొట్టిపారేయడం తగదు. జరిగేది ఏమిటంటే, ఎముక ముందే కరిగి ఉంటుంది. గార దిమ్మ పళ్ళను ఒకదానికొకటి పట్టి ఉంచుతుంది, ఉబ్బిన చిగురు సందులను కప్పి ఉంచుతుంది. గార తీయగానే వాపు తగ్గి చిగురు కిందికి అణుగుతుంది, సందులు బయటపడతాయి, దాగి ఉన్న కదలిక తెలుస్తుంది. డాక్టరు పరికరపు రాపిడి వల్ల పళ్ళు కదిలాయని మనిషి అనుకుంటాడు. ఆయన చూసింది నిజమే, కారణం మాత్రం తారుమారైంది. ఇది ముందే చెప్పకుండా గార తీసి పంపే వైద్యుడిది కూడా ఇందులో పాలుంది.

ఇంతమంది రాపిడినే ఎందుకు అనుమానిస్తారన్నదానికి నాకు తోచిన కారణం ఒకటే. రాపిడి నొప్పి పుట్టిస్తుంది, పాచి పుట్టించదు. పుల్ల గీరుకుంటే వెంటనే మంట. బ్రష్షు తగిలితే ఉమ్మిలో ఎర్రదనం కళ్ళెదుటే. పాచి మాత్రం ఏళ్ళ తరబడి సద్దు చేయకుండా ఎముకను కరిగిస్తుంది. రక్తాన్ని బ్రష్షు ఖాతాలో వేసేస్తే పన్ను కదిలే రోజుదాకా దాని జాడ తెలియదు. బీడీ, సిగరెట్ తాగేవాళ్ళలో ఆ రక్తపు హెచ్చరిక కూడా తగ్గిపోతుంది, జబ్బు మాత్రం లోపల ఇంకా జోరుగా సాగుతుంది. షుగరు అదుపులో లేనివాళ్ళకు చిగుళ్ళు త్వరగా చెడతాయి, చెడిన చిగుళ్ళు షుగరును అదుపు తప్పిస్తాయి. ఈ అలవాటో ఈ జబ్బో ఉన్న మనిషి నొప్పి వస్తే చూద్దాంలే అనుకోవడం ప్రమాదం.

కాబట్టి నా తూకం ఇది. చిగురు వాచడం, రక్తం రావడం, నోరు వాసన కొట్టడం ఉంటే ముందు అనుమానించాల్సింది పాచినే. సాక్ష్యంలో బరువు అటే ఉంది, ఆ సాక్ష్యం మనుషుల మీద తేలింది. ఒత్తిడికి రెండో స్థానం. అది జబ్బును పుట్టించేది కాదు, ఉన్నదాన్ని కొన్ని నోళ్ళలో ఎక్కువ చేస్తే చేయొచ్చు. మూడు సందర్భాల్లో మాత్రం ఆ వరస తిరగబడుతుంది. నోరు శుభ్రంగా ఉండి చిగురు జరిగిపోతుంటే తోమే తీరును చూడాలి. రాత్రి పళ్ళు నూరే అలవాటుతో పన్ను కదులుతుంటే, పొద్దున దవడ పట్టేసినట్టు ఉంటే కొరుకుడును చూపించుకోవాలి. ఒకే సందులో మళ్ళీ మళ్ళీ తిండి ఇరుక్కుంటుంటే ఆ సందును బాగుచేయించుకోవాలి. పళ్ళకు క్లిప్పులు పెట్టించుకున్న పిల్లలకు రెండూ సమానమే. అక్కడ ఒత్తిడే వైద్యం. పాచి ఉన్న నోట్లో ఆ ఒత్తిడి పెడితే మేలు కంటే కీడు ఎక్కువ.

ఎవరి నోట్లో ఏది నడుస్తోందో తెలుసుకోవడానికి లోయె ప్రయోగాన్నే తిరగేసి వాడుకోవచ్చు. రక్తం వస్తోందని బ్రష్షు మానకుండా, మెత్తని కుచ్చు ఉన్నది తెచ్చుకోవాలి. కుచ్చును చిగురు అంచు వైపు వాలుగా ఆనించి, పెన్సిలు పట్టినంత తేలిగ్గా, చిన్న చిన్న కదలికలతో ఒక్కో పన్నునూ తోమాలి. లోపలి వైపు మరవకూడదు. పళ్ళ సందులకు దారం గానీ సందు బ్రష్షు గానీ వాడాలి. వేపపుల్ల వదల్లేనివాళ్ళు లేతది బాగా నమిలి ముందు పళ్ళకు వాడుకొని, లోపలి పళ్ళకు బ్రష్షు పట్టొచ్చు. ఇలా రెండు వారాలు చేస్తే రక్తం రోజు రోజుకూ తగ్గిపోవాలి. తగ్గితే తప్పు పాచిదే. మొదటి నాలుగు రోజులు రక్తం కనిపించినా జంకాల్సిన పని లేదు. ఒక్క చోటే పుండుగా ఉండి మెత్తని బ్రష్షుకు మారగానే మానిపోతే అది రాపిడి గాయం. రెండు వారాలైనా చాలా చోట్ల రక్తం ఆగకపోతే లోపల గార దిగి ఉంటుంది. అది ఏ పుల్లకూ ఏ బ్రష్షుకూ రాదు. దంతవైద్యుడి దగ్గర సందు లోతు కొలిపించుకొని, షుగరు పరీక్ష కూడా చేయించుకోవాలి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు ఆ సంగతి ముందే చెప్పాలి.

రాపిడి చేసే తప్పును చేతిని తేలిక చేసుకొని దిద్దుకోవచ్చు. పాచి చేసే తప్పును చేతిని ఆపేసి ఎవరూ దిద్దుకోలేరు. రెండిటిలో ఒకదానికే భయపడాల్సి వస్తే పాచికే భయపడాలని నేను అనడం అందుకే.